పై పట్టీలో 'తె': గ్నోమ్ మారుతూ ఉంటే ఒక చిన్న ఎక్స్‌టెన్షన్‌ని నిలబెట్టుకోవడం

సిరిమానోత్సవం మర్నాడు విజయనగరంలో ఊరంతా కాస్త ఆలస్యంగా లేస్తుంది. 2024 అక్టోబరులో ఆ రోజు ఉదయం మా కంప్యూటర్ శిక్షణ కేంద్రం తాళం తీసి పది నిమిషాలు కూడా కాలేదు. ఆరో నంబరు మెషీన్ ముందు కూర్చున్న మాస్టారు నన్ను పిలిచారు.

"బాబూ, నా 'తె' ఏటైపోనాది?"

ఆయన తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై దాటాయి. పాత నోటు పుస్తకాల్లో రాసుకున్నదంతా తన చేత్తోనే టైపు చేసుకోవాలని వారానికి మూడు రోజులు గంటస్తంభం మీదుగా నడిచి వస్తారు. ఆయన అడిగిన 'తె' స్క్రీన్ పైన నల్ల పట్టీలో, గడియారం పక్కన పెద్దగా కనిపించే అక్షరం. కీబోర్డు తెలుగులో ఉంటే అక్కడ 'తె' అని, ఇంగ్లీషులో ఉంటే 'ఇం' అని కనిపిస్తుంది. దాన్ని చూపించేది నేను రాసిన ఒక చిన్న గ్నోమ్ షెల్ ఎక్స్‌టెన్షన్. గ్నోమ్ అంటే లినక్స్‌లో వాడే ఒక డెస్క్‌టాప్, షెల్ అంటే అందులో పై పట్టీ, మెనూలు చూపించే భాగం, ఎక్స్‌టెన్షన్ అంటే దానికి మనం తగిలించే చిన్న ప్రోగ్రాం. ఆ ఉదయం ఆ చోటు ఖాళీగా ఉంది.

కారణం ఐదు నిమిషాల్లో తెలిసింది. పండగ ముందు రోజు మెషీన్లన్నీ ఆపుతున్నప్పుడు, మా దగ్గర పనిచేసే కుర్రాడికి ఆరో నంబరులో ఉబుంటు (మా మెషీన్లలో ఉండే లినక్స్) కొత్త వెర్షన్ వచ్చిందన్న బాక్స్ కనిపించింది. మంచిదే కదా అని అప్‌గ్రేడ్ నొక్కాడు. 22.04 కాస్తా 24.04 అయింది. లోపల గ్నోమ్ 42 పోయి 46 వచ్చింది. అతని తప్పేమీ లేదు. ఆ బాక్స్ రాకుండా ముందే ఆపి ఉంచాల్సింది నేను.

మాస్టారిని ఏడో నంబరులో కూర్చోబెట్టి, మిగతా మెషీన్లన్నిటిలో అప్‌డేట్ మేనేజర్ సెట్టింగుల ఫైల్లో 'ప్రాంప్ట్' అన్న దాన్ని 'నెవర్'గా మార్చాను. ఆ తర్వాతే ఆరో నంబరు ముందు కూర్చున్నాను. ఆ ఎక్స్‌టెన్షన్‌ని మళ్లీ నడిపించడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో రాసిన కోడ్ కంటే తీసేసిన కోడే ఎక్కువ.

అసలు ఎందుకు రాశాను

2019లో మా కేంద్రంలోని 18 మెషీన్లనూ ఉబుంటు 18.04కి మార్చాం. అందులో గ్నోమ్ 3.28 ఉండేది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది తెలుగు టైపింగ్ కోసమే వస్తారు. డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో పనిచేసి, ఇప్పుడు యూనికోడ్ నేర్చుకోవాల్సి వచ్చినవాళ్లు కొందరు. డిగ్రీ పిల్లలు కొందరు. మాస్టారి లాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు.

అందరికీ ఒకటే ఇబ్బంది. కాగితం చూస్తూ పేరా మొత్తం కొట్టేసి తలెత్తితే, తెలుగు రావాల్సిన చోట అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. కీబోర్డు ఏ భాషలో ఉందో గ్నోమ్ చూపిస్తుంది కానీ కుడి మూలన, చిన్నగా, టి-ఇ అనీ ఇ-ఎన్ అనీ ఇంగ్లీషు అక్షరాల్లో చూపిస్తుంది. చూపు మందగించిన మనిషికి ఆ రెండింటికీ తేడా తెలియదు. పేరా అంతా చెరిపి మళ్లీ కొట్టేటప్పుడు ఆ ముఖాల్లో కనిపించే నీరసం నేను రోజూ చూశాను. కొందరు ఆ నీరసంతోనే మానేశారు.

అందుకని రాశాను. మొదటి వెర్షన్‌లో ఐదు పనులు పెట్టాను. గడియారం పక్కన పెద్ద అక్షరం ఒకటి. తెలుగులో ఉన్నప్పుడు పై పట్టీ మొత్తం ముదురు ఆకుపచ్చ రంగుకి మారడం రెండోది. గడియారంలో సోమ, మంగళ అని తెలుగు వారాలు చూపించడం మూడోది. టైపింగ్ పరీక్ష పెట్టినప్పుడు నోటిఫికేషన్లు ఆపే ఒక స్విచ్‌ని కుడివైపు సిస్టమ్ మెనూలో చేర్చాను. అక్షరం సైజు, రంగు మార్చుకోవడానికి ఒక సెట్టింగుల కిటికీ కూడా పెట్టాను.

'తె' దగ్గరే మొదటి పాఠం ఎదురైంది. సైజు పెంచగానే పైనున్న ఎత్వం పట్టీ అంచుకి తగిలి కోసుకుపోయింది. ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని కట్టిన ఎత్తులో మన గుణింతం పట్టదు. స్టైల్‌షీట్‌లో (సైజులు, రంగులు రాసే ఫైల్లో) సైజు కొంచెం తగ్గించి, మందం పెంచి సర్దాను.

రెండోది కొన్ని వారాల తర్వాత తెలిసింది. ఒక అమ్మాయి ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు కగప లేఅవుట్ కూడా పెట్టుకుంది. రెండూ తెలుగు కీబోర్డు అమరికలే. ఆమె మెషీన్‌లో తెలుగు కొడుతున్నా పట్టీలో 'ఇం' అనే ఉండేది. నా కోడ్ లేఅవుట్ పొట్టి పేరు చూసి నిర్ణయించేది. ఒకే పొట్టి పేరుతో రెండు లేఅవుట్లు ఉంటే గ్నోమ్ వాటి చివర చిన్న ఒకటి, చిన్న రెండు అని అంకెలు తగిలిస్తుంది. నేను పోల్చి చూస్తున్న పేరు, అక్కడున్న పేరు వేరైపోయాయి. అప్పటినుంచి పొట్టి పేరు వదిలేసి లేఅవుట్ అసలు ఐడీ చూస్తున్నాను. తెరమీద మనిషి కోసం చూపించే మాట ఎప్పుడైనా మారుతుంది, దాని మీద కోడ్ ఆధారపడకూడదని అప్పుడే అర్థమై ఉండాలి. నాకు అర్థం కావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది.

వాళ్ల వంటింట్లో మన వంట

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. ఎక్స్‌టెన్షన్లు ఎందుకు తరచూ విరిగిపోతాయో ఇది తెలియకపోతే అర్థం కాదు.

ఫైర్‌ఫాక్స్‌కి రాసే యాడ్‌ఆన్‌కి ఒక హద్దు ఉంటుంది. ఇవి వాడుకో, ఇవి ముట్టుకోకు అని బ్రౌజర్ గీత గీస్తుంది. గ్నోమ్ షెల్‌లో ఆ గీత లేదు. షెల్ చాలావరకు జావాస్క్రిప్ట్‌లోనే రాశారు. మన ఎక్స్‌టెన్షన్ కూడా జావాస్క్రిప్టే, అదే ప్రాసెస్‌లో షెల్ కోడ్ పక్కనే నడుస్తుంది. మనం పక్కింట్లో వండి పంపడం లేదు, వాళ్ల వంటింట్లోకే వెళ్లి వాళ్ల పొయ్యి మీద వండుతున్నాం. ఏ డబ్బా కావాలన్నా తీసుకోవచ్చు, ఏ గిన్నె అయినా జరపొచ్చు. గ్నోమ్‌లో ఇంత స్వేచ్ఛగా మార్పులు చేయగలగడానికి కారణం అదే. ఇంటివాళ్లు వంటిల్లు సర్దుకున్నప్పుడల్లా మన చెయ్యి ఖాళీ అరమీద పడడానికీ కారణం అదే.

వాళ్లు ఆర్నెల్లకోసారి సర్దుతారు. మార్చిలో ఒక వెర్షన్, సెప్టెంబరులో ఒకటి. మన లెక్కలో ఉగాదికి కాస్త అటూ ఇటూగా ఒకటి, దసరా ముందు ఒకటి. జావాస్క్రిప్ట్‌లో రాసేవాళ్లు లోపలి వాడుకకు మాత్రమే ఉంచుకున్న పేర్ల ముందు అండర్‌స్కోర్ పెట్టడం ఒక ఆనవాయితీ. ఆ పేర్లను వాళ్లు ఎప్పుడైనా మార్చవచ్చు, ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. బయటి పేర్లు కూడా మారతాయి కానీ వాటి గురించి ముందే రాసిపెడతారు. జీజేఎస్ (గ్నోమ్‌లో జావాస్క్రిప్ట్‌ని నడిపేది) గైడ్‌లో ప్రతి వెర్షన్‌కీ పోర్టింగ్ గైడ్ ఒకటి ఉంటుంది. దాన్ని రాసేవాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా రాస్తున్నారు. గ్నోమ్‌ని తిట్టేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ గైడ్లు కూర్చుని చదివాక నాకు తిట్టాలనిపించలేదు.

2020, 2022: అతుకులు

20.04కి మారినప్పుడు గ్నోమ్ 3.36 వచ్చింది. పట్టీలో బటన్ తయారుచేసే క్లాస్ మధ్యలో 3.32 దగ్గరే మారిపోయింది. నేను పాత పద్ధతి 'లాంగ్ క్లాస్'తో రాసినదాన్ని జీఆబ్జెక్ట్ క్లాస్‌గా తిరగరాయాల్సి వచ్చింది. ఇదివరకు ప్రతి వస్తువుకీ లోపల 'యాక్టర్' అని వేరే ఒకటి ఉండేది, ఇప్పుడు ఆ వస్తువే యాక్టర్. ఒక ఆదివారం సరిపోయింది.

22.04లో గ్నోమ్ 42. సెట్టింగుల కిటికీలన్నీ 40 నుంచే జీటీకే (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) 4కి మారాయి. నా కిటికీ తెరుచుకోలేదు. పాత జీటీకేలో వాడే 'ప్యాక్ స్టార్ట్', 'షో ఆల్' కొత్తదాంట్లో లేవు. వాటి చోట 'అపెండ్' పెట్టి నడిపించాను. ఈ రెండుసార్లూ నేను చేసింది ఒకటే: ఎర్రర్ ఎక్కడ వస్తే అక్కడ అతుకు వేయడం.

22.04తో వేలాండ్ సెషన్ కూడా డిఫాల్ట్‌గా వచ్చింది (ఎక్స్11, వేలాండ్ తెరమీద కిటికీలు చూపించే రెండు పద్ధతులు, ఎక్స్11 పాతది), రోజువారీ పనిలో అదే నన్ను ఎక్కువ కష్టపెట్టింది. ఎక్స్11లో ఆల్ట్ ఎఫ్2 నొక్కి ఆర్ అని కొడితే షెల్ మళ్లీ మొదలయ్యేది. ఒక లైను మార్చడం, ఆర్ కొట్టడం, చూడడం, అలా సాగేది. వేలాండ్‌లో షెల్ ఆగితే సెషన్ మొత్తం ఆగుతుంది కాబట్టి అది కుదరదు. లాగౌట్ అయి మళ్లీ రావాలి. షెల్ లోపలే ఇంకో షెల్‌ని చిన్న కిటికీలో నడిపే 'నెస్టెడ్' పద్ధతి నేర్చుకున్నాకే ఊపిరి ఆడింది.

మధ్యాహ్నం నెమ్మదించే మెషీన్లు

ఈ కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది వెర్షన్ మార్పు కాదు, నా సొంత తప్పు. 2022 వేసవి తర్వాత ఒక ఫిర్యాదు మొదలైంది. పొద్దున్న బాగానే ఉంటున్నాయి, మధ్యాహ్నం మూడు దాటాక మెషీన్లు నెమ్మదిస్తున్నాయి. సూపర్ స్పేస్ నొక్కితే భాష మారడానికి ఒక క్షణం ఆగుతోంది. సాయంత్రానికి టైపు చేసిన అక్షరం కూడా వెనకబడుతోంది. రీస్టార్ట్ చేస్తే బాగైపోతోంది.

ముందు వేడిమి అనుకున్నాను. తర్వాత ర్యామ్ అనుకుని రెండు మెషీన్ల మధ్య మార్చి చూశాను. హార్డ్ డిస్కులు పాతవి కదా అనుకున్నాను. చాలా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే కొత్తవి కొనే పరిస్థితి లేదు.

దారి చూపించింది పదకొండో నంబరు మెషీన్. అది ఎప్పుడూ నెమ్మదించలేదు. దాని ముందు కూర్చునేది కోర్టు కాగితాలు టైపు చేసి రిటైరైన ఒక పెద్దావిడ. ఆవిడ మధ్యలో టీకి లేవరు. పొద్దున్న కూర్చుంటే పని అయ్యాకే లేస్తారు. మిగతా మెషీన్లకీ ఆ మెషీన్‌కీ తేడా అదొక్కటే: అక్కడ స్క్రీన్ లాక్ పడదు.

తాళం చెవి దొరికింది. స్క్రీన్ లాక్ అయినప్పుడు గ్నోమ్ షెల్ మామూలు ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపుతుంది, అంటే మన 'డిసేబుల్' ఫంక్షన్‌ని పిలుస్తుంది. లాక్ తీశాక మళ్లీ 'ఎనేబుల్'ని పిలుస్తుంది. నా డిసేబుల్ అక్షరాన్ని పట్టీ నుంచి తీసేసేది, అంతే. భాష మారినప్పుడు చెప్పమని కీబోర్డు మేనేజర్‌కి నేను తగిలించిన సిగ్నల్ అలాగే ఉండిపోయేది. గడియారంలో తెలుగు వారం రాయడానికి అర సెకనుకోసారి తిరిగే టైమర్ కూడా ఆగేది కాదు. లాక్ పడి తీసిన ప్రతిసారీ ఒక కొత్త టైమర్, ఒక కొత్త సిగ్నల్ చేరేవి. ఐదు నిమిషాలు వదిలేస్తే లాక్ పడేలా నేనే పెట్టాను. సాయంత్రానికి ఒక్కో మెషీన్‌లో పదిహేను, ఇరవై టైమర్లు తిరుగుతుండేవి.

సిగ్నల్ అందుకున్న పాత ఫంక్షన్లు ఎప్పుడో చచ్చిపోయిన లేబుల్‌ని ముట్టుకోబోయేవి. ఆ వస్తువు ఇప్పటికే పారవేయబడింది, దాన్ని వాడలేవు అని జీజేఎస్ ప్రతిసారీ లాగ్‌లో రాసేది, ఏ లైను నుంచి ఏ లైనుకి వచ్చిందో జాబితాతో సహా. జర్నల్ తెరిచి చూస్తే అదే ఎర్రర్ పేజీల కొద్దీ. ఆ పాత హార్డ్ డిస్కులు రోజంతా నా తప్పునే రాసుకుంటూ అలసిపోయాయి.

అప్పటినుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎనేబుల్‌లో ఒక లైను రాస్తే, ముందుకు కదలకుండా అప్పుడే డిసేబుల్‌లో దానికి జత లైను రాస్తాను. తగిలించిన ప్రతి సిగ్నల్ నంబరు దాచుకుని విప్పుతాను, టైమర్ నంబరు దాచుకుని ఆపుతాను, తయారుచేసిన ప్రతి వస్తువునీ నాశనం చేసి ఆ పేరుని ఖాళీ చేస్తాను. రాసిన తర్వాత స్క్రీన్‌ని వరసగా ఇరవైసార్లు లాక్ చేసి తీస్తాను. లాగ్‌లో ఒక్క లైను కూడా పెరగకూడదు. ఎక్స్‌టెన్షన్ల సైట్‌లో పెట్టేవాటిని సమీక్షించేవాళ్లు కూడా డిసేబుల్ సరిగ్గా శుభ్రం చేస్తోందా అన్నది చూస్తారు. నాది మా కేంద్రం దాటి వెళ్లలేదు కాబట్టి ఆ కన్ను దాని మీద పడలేదు. పడి ఉంటే మూడేళ్ల ముందే దొరికేది.

42 నుంచి 46కి ఒకే గంతు

మళ్లీ 2024 అక్టోబరు, ఆరో నంబరు మెషీన్.

ఎల్‌టీఎస్, అంటే రెండేళ్లకోసారి వచ్చి ఎక్కువకాలం అప్‌డేట్లు అందే ఉబుంటు, వాడేవాళ్లకు ఒక చిక్కు ఉంది. ఆర్నెల్లకోసారి వచ్చే మార్పులు మనకు రెండేళ్లకోసారి మూటకట్టి ఒకేసారి వస్తాయి. 22.04 నుంచి 24.04కి వెళ్తే 43, 44, 45, 46, నాలుగు వెర్షన్ల మార్పులు ఒకే రాత్రిలో మీద పడతాయి. ఏది దేనివల్ల విరిగిందో విడదీయడమే కష్టం.

మొదటి అడ్డు సులువైనదే. మెటాడేటా ఫైల్లో ఏ షెల్ వెర్షన్లతో పనిచేస్తుందో రాయాలి, నాది 42 దగ్గర ఆగింది. జాబితాలో లేని వెర్షన్ అయితే షెల్ దాన్ని ఎక్కించనే ఎక్కించదు. 46 చేర్చాను. చాలామంది ఇంతటితో సరిపోతుందని ఆశిస్తారు, ఒక్కోసారి సరిపోతుంది కూడా.

ఈసారి సరిపోలేదు. 'యూఐ' అనే మాడ్యూల్ దొరకలేదని లాగ్ చెప్పింది. ఇది 2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45 మార్పు. అంతకుముందు షెల్ భాగాలను జీజేఎస్‌కి మాత్రమే ప్రత్యేకమైన 'ఇంపోర్ట్స్' పద్ధతిలో తెచ్చుకునేవాళ్లం. 45 నుంచి జావాస్క్రిప్ట్ ప్రమాణమైన ఈఎస్ మాడ్యూల్స్‌కి మారారు. కొత్త పద్ధతిలో రాసిన ఫైల్ 44లో చదవగానే సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. పాత పద్ధతిలో రాసినది 45లో ఎక్కదు. ఒకే ఫైల్‌తో రెండు వైపులా నడిపే దారి లేదు. అప్పటికి మా మూడు పాత మెషీన్లలో డెబియన్ 12 ఉంది, దాంట్లో గ్నోమ్ 43. వాటిలోనూ నడవాలంటే రెండు బ్రాంచీలు, అంటే కోడ్‌కి రెండు వేర్వేరు ప్రతులు, తప్పవు.

మాడ్యూల్స్ పద్ధతికి మార్చాక మూడో అడ్డు వచ్చింది. కుడివైపున నేను స్విచ్ చేర్చిన పాత సిస్టమ్ మెనూ 43లోనే పోయింది, దాని చోట క్విక్ సెట్టింగ్స్ వచ్చింది. లేని మెనూలో స్విచ్ చేర్చబోయి ఎనేబుల్ ఫంక్షన్ సగంలో ఆగిపోయింది. ఆ స్విచ్ ఏడాదికి నాలుగైదుసార్లు వాడేది. దాని కోసం రోజూ అందరికీ కావాల్సిన 'తె' రాకుండా పోయింది. ఇది చూసినప్పుడు నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను.

దాని తర్వాత ఇంకా ఉంది. ఒక వస్తువులో ఇంకో వస్తువు చేర్చే 'యాడ్ యాక్టర్'ని 46లో తీసేశారు, 'యాడ్ చైల్డ్' వాడాలి. గడియారం లేబుల్ లోపలి పేరు నేను అండర్‌స్కోర్‌తో సహా పట్టుకున్నది. సెట్టింగుల కిటికీ మళ్లీ తిరగరాయాలి.

ఆ రాత్రి ఎర్రర్లు సరిచేయడం ఆపి, మొత్తం కోడ్‌లో షెల్ లోపలి వస్తువును ముట్టుకునే లైన్లన్నీ గ్రెప్‌తో వెతికి కాగితం మీద రాసుకున్నాను. 31 వచ్చాయి. అందులో 11 అండర్‌స్కోర్ పేర్లు. ఆ 31కి పక్కన ఒక్కొక్కదాని వల్ల ఎవరికి ఏం ఉపయోగమో రాశాను. అక్షరం చూపించడానికి కావాల్సినవి ఐదంటే ఐదే. రంగుకి మరో రెండు. మిగతా 24 ఎందుకున్నాయి?

గడియారంలో తెలుగు వారం సంగతి చూశాను. సిస్టమ్‌లో తేదీల లొకేల్‌ని తెలుగుకి మార్చి, గడియారంలో వారం చూపించు అన్న సెట్టింగ్ పెడితే గ్నోమే చూపిస్తుంది. దానికి నా కోడ్ అక్కర్లేదు. అప్పుడూ అక్కర్లేదేమో, నేను వెతకలేదు. నోటిఫికేషన్లు ఆపే స్విచ్ విషయానికొస్తే, 3.36 నుంచే గ్నోమ్‌లో 'డు నాట్ డిస్టర్బ్' ఉంది. నాలుగేళ్లుగా అదే పని చేసే బటన్ పక్కనే ఉండగా నాదాన్ని మోస్తూ వచ్చాను. సెట్టింగుల కిటికీని నేను తప్ప ఇంకెవరూ తెరవలేదు. మూడూ తీసేశాను.

రంగు దగ్గర వచ్చిన మాట

రంగు కూడా తీసేద్దామనుకున్నాను. అక్షరం కనిపిస్తుంటే రంగు ఎందుకు? షెల్‌ని ముట్టుకునే లైన్లు ఇంకో రెండు తగ్గుతాయి. తీసేసి, పదకొండో నంబరులో పెట్టి చూడమని ఆ పెద్దావిడని అడిగాను.

ఆవిడ పావుగంట కొట్టి అన్నారు: "నాయనా, నేను అక్షరం ఎప్పుడు చూశాను? నా కళ్లు కాగితం మీదుంటాయి. పైన పచ్చగా ఉందా నల్లగా ఉందా, అది కంటి చివర తెలుస్తాది. అది తీసేస్తే నాకు నువ్వు చేసిందంతా లేనట్టే."

ఐదేళ్లుగా నేను అక్షరమే అసలు పని, రంగు అలంకారం అనుకున్నాను. కాగితం చూసి కొట్టే మనిషికి రంగే అసలు పని. మాస్టారు తన మనసులోది రాసుకుంటారు, ఆయన చూపు స్క్రీన్ మీదుంటుంది, ఆయనకు అక్షరం కావాలి. ఏది తీసేయాలో కోడ్ చూసి నిర్ణయించకూడదని, వాడే మనిషి వెనక నిలబడి చూడాలని ఆవిడ వల్ల తెలిసింది. రంగు ఉంచాను. పట్టీకి ఒక స్టైల్ క్లాస్ తగిలించడం, తీయడం, రెండే లైన్లు.

కొత్తది ఎలా కట్టాను

ఫైళ్లు రెండుగా విడగొట్టాను. ఒకదాంట్లో నిర్ణయం మాత్రమే ఉంటుంది: ఈ లేఅవుట్ ఐడీ తెలుగుదా కాదా, ఏ అక్షరం చూపాలి. ఇందులో గ్నోమ్ పేరు ఎక్కడా లేదు. టెర్మినల్‌లో జీజేఎస్‌తో విడిగా నడిపి, ఇన్‌స్క్రిప్ట్, కగప, ఐబస్ అనే ఇన్‌పుట్ ప్రోగ్రాం ద్వారా వచ్చే ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) ఐడీలన్నీ ఇచ్చి పరీక్షించవచ్చు. రెండో ఫైల్లో షెల్‌ని ముట్టుకునే లైన్లన్నీ ఒకేచోట ఉంటాయి. వెర్షన్ మారితే ఆ ఒక్క ఫైల్ తెరిస్తే చాలు. పాత బ్రాంచిలో కూడా అంతే తగ్గించాను, అందువల్ల రెండింటికీ తేడా దాదాపు పై ఇంపోర్టు లైన్లకే పరిమితమైంది.

అందరికీ ఒకేసారి పెట్టలేదు. మొదటి వారం ఆరో నంబరులో మాత్రమే. మాస్టారు అక్కడే కూర్చుంటానని పట్టుబట్టారు. రెండో వారం పదకొండు, ఇంకో రెండు. ఇరవైసార్ల లాక్ పరీక్ష ప్రతి మెషీన్‌లోనూ చేశాను. మూడో వారం చివరికి మిగతా ఉబుంటు మెషీన్లని 24.04కి మార్చి, ఎక్స్‌టెన్షన్‌ని ఒక్కొక్క యూజర్ ఫోల్డర్‌లో కాకుండా సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టాను. గ్నోమ్ సెట్టింగులు దాచే డీకాన్ఫ్ ద్వారా అందరికీ డిఫాల్ట్‌గా ఆన్ అయ్యేలా చేశాను. కొత్తగా చేరిన వాళ్లకు ఇప్పుడు విడిగా ఏమీ చేయక్కర్లేదు.

ఆ తర్వాత

ఇప్పుడు ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఎల్‌టీఎస్ కాని ఉబుంటు పెట్టుకున్నాను. ఆర్నెల్లకోసారి కొత్తది ఎక్కించి చూస్తాను. కేంద్రానికి రెండేళ్లకోసారి వచ్చేది నాకు ఆర్నెల్లకోసారి కొంచెం కొంచెంగా తెలుస్తుంది.

47లో రంగులకు వాడే క్లటర్ కలర్‌ని తీసేసి కాగ్ల్ కలర్‌కి మార్చారు. చాలా ఎక్స్‌టెన్షన్లు దెబ్బతిన్నాయి. నా రంగు స్టైల్‌షీట్‌లో ఉంది కాబట్టి నాకు తగల్లేదు. 48లో మెటాడేటాలో అంకె చేర్చడం తప్ప పనేమీ పడలేదు. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది, అందులో ఉన్నది 48. దీపావళి సెలవుల్లో ఆ మూడు పాత మెషీన్లనూ దానికి మార్చాను. పాత ఇంపోర్ట్స్ బ్రాంచి అవసరం ఆ రోజుతో తీరింది.

49 నాకు వేరే చోట పని పెట్టింది. నేను పరీక్షకు వాడే 'నెస్టెడ్' ఆప్షన్ పోయి, దాని చోట 'డెవ్‌కిట్' వచ్చింది. నా పరీక్ష స్క్రిప్టే ముందు విరిగింది. దాన్ని సరిచేశాక ఎక్స్‌టెన్షన్ నడిచింది. ఎక్స్11 సెషన్ కూడా 49లో డిఫాల్ట్‌గా ఆపేశారు, 25.10 ఉబుంటులో ఆ సెషన్ లేదు. మా కేంద్రంలో రెండు మెషీన్లలో పాత గ్రాఫిక్స్ కార్డుల వల్ల ఇంకా ఎక్స్11 సెషనే వాడుతున్నాం. తర్వాతి ఎల్‌టీఎస్ లోపు వాటి సంగతి తేల్చాలి, అది ఎక్స్‌టెన్షన్‌తో తీరే పని కాదు.

31 దగ్గర మొదలైన జాబితాలో ఇప్పుడు ఏడు లైన్లున్నాయి. అండర్‌స్కోర్ పేరు ఒక్కటీ లేదు. అయినా నా భారమంతా ఒక పేరు మీద ఉంది: కీబోర్డు ఫైల్ నుంచి ఇన్‌పుట్ సోర్స్ మేనేజర్‌ని ఇచ్చే ఫంక్షన్. అది కదిలితే 'తె' కదులుతుంది. 2026 ఉగాదికి అటూ ఇటూగా గ్నోమ్ 50 రావాలి. ల్యాప్‌టాప్‌లో ఎక్కించగానే ముందు తెరిచేది ఆ ఫైలే. మాస్టారి నోటు పుస్తకాలు ఇంకా తొమ్మిది మిగిలాయి.